నీళ్లనీ ఇసుకనీ తట్టుకునే చిన్న కెమెరా: మన తీరం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కళింగపట్నం, భావనపాడు, బారువ, చింతపల్లి తీరాల్లో నేను ఫోటోలు తీయడం మొదలుపెట్టి పదేళ్లు దాటింది. మొదట కొన్న వాటర్‌ప్రూఫ్ కెమెరా ఏడాది తిరక్కుండానే పోయింది. లోతు నీళ్లలో కాదు, మోకాలి లోతు నీళ్లలోనే. బ్యాటరీ మూత అంచున ఒక్క వెంట్రుక ఇరుక్కుంది, ఆ సందులోంచి ఉప్పునీరు లోపలికి వెళ్లింది. అందుకే ఈ కెమెరాల గురించి ఎవరు అడిగినా ముందు ఆ మూత గురించే చెబుతాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు ఇవి.

ఫోన్‌కే ఐపీ68 అని రాసి ఉంది కదా, మళ్లీ విడిగా కెమెరా ఎందుకు?

ఐపీ68లో 6 దుమ్ముకి సంబంధించిన అంకె, 8 నీటికి సంబంధించింది. 8 అంటే ఇంత లోతులో ఇంతసేపు తట్టుకుంటుందని తయారీదారు చెప్పిన మాటకి పరీక్ష జరిగిందని అర్థం. ఆ పరీక్ష కదలని మంచినీటిలో చేస్తారు. మన సముద్రం కదలకుండా ఉండదు, మంచినీరూ కాదు. నీళ్లు లోపలికి వెళ్లి ఫోన్ పాడైతే చాలా కంపెనీల వారంటీ వర్తించదు.

అంతకన్నా పెద్ద ఇబ్బంది టచ్‌స్క్రీన్. తడి చేత్తో అది సరిగా పనిచేయదు, నీళ్లలో ముంచితే అసలు పనిచేయదు. నీటి చుక్క పడినా వేలు తగిలినట్టే అనుకుని ఏదో ఒకటి తెరుస్తుంది. ఈ కెమెరాలకి గట్టి బటన్లు ఉంటాయి, తడి చేతులతో, ఇసుక చేతులతో నొక్కొచ్చు. పైగా ఫోన్‌లోనే మన బ్యాంకు, మన వాళ్ల నంబర్లు, పని కాగితాలు అన్నీ ఉంటున్నాయి. దాన్ని పట్టుకుని కెరటాల్లోకి దిగితే ఫోటో మీద మనసు నిలవదు, టెన్షనే మిగులుతుంది.

ఏడాదికి ఒకట్రెండుసార్లు బీచ్‌కి వెళ్లి నాలుగు ఫోటోలు తీసుకునేవాళ్లకి మాత్రం ఇది అక్కర్లేదు. మెడలో వేసుకునే ప్లాస్టిక్ పౌచ్ కొని ఫోన్ అందులో పెట్టుకోండి, చాలు.

15 మీటర్లు, 20 మీటర్లు, 30 మీటర్లు అని రాస్తారు. మనకి ఎంత లోతు తట్టుకునేది కావాలి?

మన తీరంలో ఆ అంకె చూసి కొనాల్సిన పని లేదు. వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కల్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తాయి. వానల్లో ఆ నీరంతా ఎర్రమట్టి. మిగతా రోజుల్లో కూడా కెరటాలు ఇసుకని కలుపుతూనే ఉంటాయి కాబట్టి నీళ్లలో మూర దూరం కనిపించడమే గొప్ప. అంత మసకలో పది మీటర్లు దిగి తీయగలిగేది ఏమీ ఉండదు. మన కెమెరాలకి అసలు పరీక్ష పెట్టేవి పడవ మీద ఎగిసిపడే తుంపర, ఒడ్డున ఇసుక, ఉప్పుగాలి, వాన.

అండమాన్‌కో లక్షద్వీప్‌కో వెళ్లి డైవింగ్ చేసేవాళ్ల సంగతి వేరు. మొదటి స్థాయి సర్టిఫికెట్ ఉన్న డైవర్లు 18 మీటర్ల దాకా దిగుతారు. 15 మీటర్ల కెమెరా అక్కడికి చాలదు, దానికి విడిగా హౌసింగ్, అంటే నీరు చొరని గట్టి పెట్టె, తొడగాలి. ప్రతి పది మీటర్లకి నీటి ఒత్తిడి ఒక వాతావరణ పీడనమంత పెరుగుతుందని గుర్తుంచుకోండి.

ఇంకొక సంగతి. ఆ లోతు అంకె కదలని నీటికి చెప్పినది. పడవ మీంచి కెమెరా పట్టుకుని దూకితే నీటిని తాకిన క్షణంలో మూత మీద పడే దెబ్బ దానికన్నా ఎక్కువ కావచ్చు. ముందు మీరు దిగండి, తర్వాత కెమెరా అందుకోండి.

ఏ మోడల్ కొనమంటారు?

నేను వాడుతున్నది ఒలింపస్ టఫ్ టీజీ-6. అది 2019లో వచ్చింది, 2023లో దాని తర్వాతి మోడల్ టీజీ-7 వచ్చింది. ఒలింపస్ తన కెమెరా వ్యాపారాన్ని 2021 జనవరిలో వేరే సంస్థకి ఇచ్చేసింది కాబట్టి టీజీ-7 మీద ఓఎం సిస్టమ్ అని ఉంటుంది. పేరు మారింది గానీ వంశం అదే. రెండూ 15 మీటర్ల లోతు, 2.1 మీటర్ల ఎత్తు నుంచి పడటం, 100 కిలోల బరువు తట్టుకుంటాయని కంపెనీ చెబుతుంది. రెండింటికీ తేడా కొంచెమే. టీజీ-7కి ఫోన్ చార్జర్లలా టైప్-సి పిన్ ఉంది, టీజీ-6కి పాత మైక్రో యూఎస్‌బీ. టీజీ-6 మంచి ధరకి దొరికితే సందేహించకుండా తీసుకోండి.

ఈ రెండింటినీ ముందు పెట్టడానికి కారణం లెన్స్. జూమ్ చేయనప్పుడు వీటి ఎపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్2.0. ఈ అంకె ఎంత చిన్నదైతే వెలుతురు అంత ఎక్కువ వస్తుంది. రికో కంపెనీ కెమెరా డబ్ల్యూజీ-80కి అది ఎఫ్3.5. మబ్బు పట్టిన రోజున, తెల్లవారుజామున పడవలు ఒడ్డుకి చేరే వేళ ఆ తేడా ఫోటోలో కనిపిస్తుంది. టీజీల్లో రా ఫైలు, అంటే కెమెరా ఏమీ మార్చకుండా దాచే ముడి ఫైలు, కూడా వస్తుంది, నీళ్లలో తీసిన ఫోటోల రంగు తర్వాత సరిదిద్దడానికి అది ఎంతో పనికొస్తుంది. డబ్ల్యూజీ-80లో జేపెగ్ అనే మామూలు ఫోటో ఫైలు మాత్రమే. అయితే అది 14 మీటర్ల దాకా తట్టుకుంటుంది, లెన్స్ చుట్టూ ఆరు చిన్న ఎల్‌ఈడీ దీపాలుంటాయి. బడ్జెట్ తక్కువైతే అదీ మంచి ఎంపికే.

నికాన్ డబ్ల్యూ300, ఫ్యూజీ ఎక్స్‌పీ140 లాంటివి కూడా బాగా పేరున్నవే. కానీ వాటి తయారీ ఆగిపోయింది. కొత్తదని ఎవరైనా అమ్మితే డబ్బాలో ఎన్నేళ్లుగా ఉందో, రబ్బరు ఎలా ఉందో ఆలోచించండి. ఏది కొన్నా మన దేశంలో చెల్లే బిల్లు, వారంటీ కార్డు ఉన్నాయో లేదో చూసుకోండి. బయటి నుంచి తెచ్చి అమ్మే సరుకు కొంత చవకే, కానీ పాడైనప్పుడు పట్టుకుని తిరగాల్సింది మనమే.

టీజీలకి 12 మెగాపిక్సెలే అంటున్నారు, తక్కువ కాదా?

కాదు. ఏ4 కాగితం నిండా చక్కగా ప్రింటు వేయడానికి 9 మెగాపిక్సెల్ లోపే సరిపోతుంది. ఈ కెమెరాల సెన్సర్, అంటే వెలుతురుని ఫోటోగా మార్చే చిప్, చిన్నది, దాని మీద ఎక్కువ పిక్సెళ్లు ఇరికిస్తే వెలుతురు తగ్గినప్పుడు ఫోటోలో చుక్కలు పెరుగుతాయి.

తేలినీలాపురం పక్షుల్ని దీనితో తీయొచ్చా?

తీయలేరు. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుని ఉంటాయి. మనం దూరంగా ఉండాలి, ఉండటమే ధర్మం. టీజీ జూమ్ 100 మిల్లీమీటర్లకి సమానం, అంటే నాలుగు రెట్లు మాత్రమే. పక్షి అగ్గిపుల్ల తలంత కనిపిస్తుంది. పక్షుల మీద ఇష్టంతో కొనేవాళ్లు ఈ రకం జోలికి రాకండి, పొడవు జూమ్ ఉన్న కెమెరా చూసుకోండి.

నీళ్లలోకి దిగే ముందు ఏమేం చూసుకోవాలి?

ఈ ఒక్క జవాబు చదివి మిగతావి వదిలేసినా నాకు బాధ లేదు.

కెమెరా లోపలికి నీళ్లు వెళ్లడానికి ఉన్న దారి మూతలే. బ్యాటరీ, కార్డు ఉండే మూత ఒకటి, చార్జింగ్ పిన్ మూత ఇంకొకటి. ఆ మూతల లోపలి అంచున సన్నటి రబ్బరు సీలు ఉంటుంది. అది ఎదురుగా ఉన్న నున్నటి అంచుని గట్టిగా అదుముకుంటేనే నీరు ఆగుతుంది. మధ్యలో ఇసుక రేణువు గానీ, వెంట్రుక గానీ, నూలుపోగు గానీ ఉంటే అక్కడ రబ్బరు ఎత్తుగా నిలిచి సందు పడుతుంది. కంటికి ఆనని సందు చాలు.

నేను చేసేది ఇది. ఇంట్లోనే, ఫ్యాన్ ఆపి, వెలుతురు బాగా ఉన్నచోట కూర్చుని మూతలు తెరుస్తాను. బ్లోయర్‌తో గాలి కొట్టి, కళ్లజోడు తుడిచే మెత్తటి బట్టతో రబ్బరునీ, అది ఆనే అంచునీ తుడుస్తాను. తువ్వాలు, పాత పంచెముక్క వాడొద్దు, పోగులు వదులుతాయి. రబ్బరు మీద గాటు గానీ పగులు గానీ ఉందేమో వేలి కొసతో తడిమి చూస్తాను. నిండా చార్జ్ చేసిన బ్యాటరీ, ఖాళీ కార్డు పెట్టి మూత వేసి, లాక్ టక్కుమనే దాకా తోస్తాను. చాలా మోడళ్లలో రెండు లాకులుంటాయి, రెండోది మరిచిపోయి నీళ్లలో దిగినవాళ్లని చూశాను. ఆ తర్వాత ఇంటికి తిరిగొచ్చేదాకా ఆ మూత తెరవను. బీచ్‌లో బ్యాటరీ మార్చాల్సి వచ్చిందా, ఆ రోజుకి కెమెరా నీళ్లలో దిగదు.

రబ్బరుకి కొబ్బరినూనె రాస్తే మెత్తగా ఉంటుందని మనవైపు కొందరు చెబుతారు. రాయకండి. వ్యాజిలిన్ అసలే వద్దు, దానివల్ల కొన్ని రకాల రబ్బరు ఉబ్బి ఆకారం మారిపోతుంది. జిడ్డుకి ఇసుక కూడా అంటుకుంటుంది.

సముద్రం నుంచి వచ్చాక ఎలా కడగాలి?

ఉప్పునీరు ఆరితే ఉప్పు పలుకులు మిగులుతాయి. బటన్ల చుట్టూ, మూత సందుల్లో అవి గట్టిపడి, మరోసారి మూత తెరిచినప్పుడు రబ్బరుని గీస్తాయి. కాబట్టి ఆరనివ్వకూడదు. మూతలు మూసే ఉంచి, గిన్నెడు మంచినీళ్లలో పది నిమిషాలు నానబెట్టండి. నీళ్లలో ఉండగానే ప్రతి బటన్‌నీ నాలుగైదుసార్లు నొక్కండి, సందుల్లో ఉప్పు కరిగి బయటికి వస్తుంది. కుళాయి ధార కింద పెట్టొద్దు. సబ్బు, వేడినీళ్లు వద్దు.

మంచినీళ్లు అన్నప్పుడు నిజంగా మంచినీళ్లనే చెబుతున్నాను. తీరం ఊళ్లలో చాలాచోట్ల బోరునీళ్లే ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగితే కడిగిన లాభం లేదు. తాగేనీళ్ల టిన్ను నుంచి రెండు లీటర్లు తీసి బండిలో పెట్టుకుని వెళ్లండి. ఇంటికి చేరేదాకా ఆగకుండా అక్కడే ఒకసారి కడిగేయొచ్చు.

లెన్స్ ముందున్న అద్దం మీద ఇసుక ఉంటే బట్టతో తుడవొద్దు, గీతలు పడతాయి. ముందు నీటితో పోగొట్టి తర్వాత తుడవండి. నీడలో ఆరబెట్టాలి. పూర్తిగా ఆరాక, మూత కిందివైపు ఉండేలా పట్టుకుని తెరిస్తే అంచున మిగిలిన చుక్క లోపలికి కాకుండా బయటికి జారుతుంది.

నీళ్లలో తీసినవన్నీ పచ్చగా, మసగ్గా వస్తున్నాయి. కెమెరా లోపమా?

నీరు అన్నిటికన్నా ముందు ఎరుపుని మింగేస్తుంది. అందుకే కొద్ది లోతులోనే రంగులన్నీ ఆకుపచ్చగానో నీలంగానో మారతాయి. మెనూలో అండర్‌వాటర్ మోడ్ ఉంటుంది, అది ఎరుపుని కొంత తిరిగి తెస్తుంది. మసకకి మందు మాత్రం ఒక్కటే, దగ్గరికి వెళ్లడం. మీకూ తీసే వస్తువుకీ మధ్య నీరు ఎంత తక్కువుంటే ఫోటో అంత బాగుంటుంది. జూమ్ వాడకండి.

ఫ్లాష్ వేస్తే తెల్లచుక్కలు పడుతున్నాయని కూడా అడుగుతారు. మంచు కురిసే తెల్లవారుజామున లారీ హెడ్‌లైటు వేస్తే ఎదురుగా తెల్లగోడ లేచినట్టు ఉంటుంది చూడండి, ఇదీ అదే. నీళ్లలో తేలే మట్టి రేణువులు వెలుగుని వెనక్కి కొడతాయి. మన నీళ్లలో ఫ్లాష్ ఆపేయడమే మేలు.

లెన్స్ లోపల ఆవిరి పడుతోంది. నీళ్లు వెళ్లినట్టేనా?

చాలాసార్లు కాదు. ఏసీ కారులో చల్లబడిన కెమెరాని ఒక్కసారిగా బయటి ఉక్కలోకి తెస్తే బయటి గాలిలోని తేమ చల్లటి అద్దం మీద పడుతుంది, చూడటానికి లోపల పడినట్టే ఉంటుంది. తీరం చేరడానికి అరగంట ముందే ఏసీ నుంచి దూరంగా, సంచిలో ఉంచండి. వాన రోజున మూత తెరిచి బ్యాటరీ మారిస్తే తేమ గాలి లోపలే బందీ అవుతుంది, మర్నాడు చల్లటి నీళ్లలో దిగగానే ఆవిరి కడుతుంది. ఆవిరి కాసేపటికి పోతే కంగారు లేదు. చుక్కలుగా కనిపిస్తే, రోజంతా పోకపోతే, అది నీరే.

బారువలో తాబేలు పిల్లల్ని తీయాలని ఉంది. ఫ్లాష్ వేయొచ్చా?

వేయకూడదు. దయచేసి వేయకండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో మొదటి షెడ్యూల్ కింద ఉన్నాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల, సముద్రం మీద కనిపించే వెలుగునిబట్టి నీళ్లవైపు దారి పడుతుంది. మన దీపాలు వెలిగితే అది దారి తప్పి ఒడ్డు మీదికే పాకుతుంది, కుక్కలకో కాకులకో దొరుకుతుంది. ఫ్లాష్ ఆపితే సరిపోదు. ఫోకస్ కోసం ముందు వెలిగే చిన్న దీపం కూడా ఉంటుంది, దాన్నీ మెనూలో ఆపేయాలి. స్క్రీన్ వెలుతురు తగ్గించండి.

పిల్లల్ని వదిలేటప్పుడు అటవీ సిబ్బంది, కాపలా ఉండే ఊరివాళ్లు అక్కడే ఉంటారు. వాళ్లని అడిగి, వాళ్లు నిలబడమన్నచోట నిలబడండి. కెమెరాని ఇసుక మీద పెట్టి, స్క్రీన్ చూడకుండా వెడల్పు లెన్స్‌తో తీస్తే పిల్ల కంటి ఎత్తు నుంచి సముద్రం కనిపిస్తుంది. ఇసుకలో ధైర్యంగా పెట్టగలిగే కెమెరా చేతిలో ఉన్నందుకు నాకు అన్నిటికన్నా ఆనందం ఇచ్చిన ఫోటోలు అవే. తెల్లవారక ముందు చీకటి మరీ ఎక్కువైతే తీయకుండా చూసి వచ్చేస్తాను.

నీళ్ల సంగతి సరే, మామూలుగా ఎక్కడ పనికొస్తుంది?

విజయనగరంలో దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడండి. ఆ జనంలో, ఆ దుమ్ములో, వాన పడుతుందో లేదో తెలియని ఆ రోజుల్లో పెద్ద కెమెరా, లెన్సులు మోయడం నరకం. ఇది జేబులో పడుతుంది, ఎవరి మోచెయ్యి తగిలినా ఏమీ కాదు. వెడల్పు లెన్స్ కాబట్టి అంత పొడవైన మానూ, కింద జనమూ ఒకే ఫోటోలో వస్తాయి. చీకటి పడ్డాక మాత్రం పెద్దగా ఆశపెట్టుకోవద్దు, చిన్న సెన్సర్ తన పరిమితి చూపిస్తుంది.

టీజీలో మైక్రోస్కోప్ మోడ్ ఒకటి ఉంది. లెన్స్‌కి ఒక సెంటీమీటర్ దూరం నుంచి తీస్తుంది. పొందూరు ఖద్దరుని అలా తీసి చూశాను. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి, చేత్తో వడికిన నూలు అది. పోగు పోగుకీ లావు కొంచెం మారడం, మిల్లుబట్టలో కనిపించని ఆ జీవం స్క్రీన్ మీద స్పష్టంగా కనిపిస్తుంది. వరి ఆకు మీద మచ్చ, జీడిపూత మీద పురుగు ఫోటో తీసి వ్యవసాయాధికారికి చూపించాలనుకునే రైతుకి కూడా ఈ మోడ్ ఎంతో మేలు.

తుఫాను నష్టం ఫోటోలు తీయడానికి బాగుంటుందా?

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరితోటలు, జీడితోటలు నేలకూలాయి. కరెంటు లేదు, ఫోన్లకి చార్జింగ్ లేదు, వాన ఆగలేదు. అప్పుడు నాకు తెలిసింది, అదనపు బ్యాటరీలు రెండైనా ఉండాలని. తుఫాను హెచ్చరిక రాగానే అన్నీ చార్జ్ చేసి ప్లాస్టిక్ డబ్బాలో పెడతాను. కెమెరాలో తేదీ, సమయం సరిగా ఉన్నాయో చూసుకోండి. టీజీలో జీపీఎస్ కూడా ఉంది, ఆన్ చేస్తే ఏ తోటలో తీశారో ఫోటోతో పాటే నమోదవుతుంది. కెమెరా వాటర్‌ప్రూఫ్ కదా అని గాలివాన వేళ ఒడ్డుకి మాత్రం వెళ్లకండి.

కింద పడ్డా ఏమీ కాదంటారు, నిజమేనా?

పగలదు అనే మాట చాలావరకు నిజం. కానీ గట్టిగా పడ్డాక నీళ్లని ఆపే శక్తి అలాగే ఉంటుందని ఏ కంపెనీ హామీ ఇవ్వదు. మూత వంగిందేమో, లాక్ వదులైందేమో చూడనిదే నీళ్లలో దించొద్దు.

గోప్రో లాంటి చిన్న వీడియో కెమెరా కొనుక్కుంటే పోదా?

పడవ మీద కదులుతూ వీడియో తీయడమే మీ పనైతే అదే కొనండి, ఊగుడు లేకుండా చక్కగా తీస్తుంది, విడిగా కేస్ లేకుండానే పది మీటర్లు తట్టుకుంటుంది. ఆగి, చూసి, దగ్గరికి జూమ్ చేసి ఫోటో తీసేవాళ్లకి ఈ చిన్న కెమెరానే నయం.

సెకండ్‌హ్యాండ్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, చేత్తో పట్టుకుని చూశాకే. మూత తెరిచి బ్యాటరీ తగిలే రేకుల మీద పచ్చటి చిలుము గానీ తెల్లటి ఉప్పు పొర గానీ ఉంటే వెనక్కి ఇచ్చేయండి. కొన్నా, మొదట సర్వీసులో సీళ్లు మార్పించి ఆ తర్వాతే తడపండి. కొత్తదైనా సరే, తరచూ సముద్రంలో వాడేవాళ్లు ఏడాదికోసారి సీళ్లు మార్పించడం మంచిది.

చేతిలోంచి జారితే తేలుతుందా?

తేలదు, రాయిలా మునుగుతుంది. మన మురికినీళ్లలో మునిగింది దొరకదు. స్పాంజి లాంటి తేలే పట్టీలు అమ్ముతారు, పసుపుదో నారింజదో కొనండి. బకెట్‌లో కెమెరాకి కట్టి తేలుతుందో లేదో చూశాకే నమ్మండి.

లోపలికి నీళ్లు వెళ్లాయి. ఇప్పుడేం చేయాలి?

వెంటనే ఆపండి. పనిచేస్తుందేమో అని మళ్లీ మళ్లీ ఆన్ చేయొద్దు, నీటికన్నా ఆ కరెంటే ఎక్కువ పాడుచేస్తుంది. బ్యాటరీ, కార్డు తీసేయండి. ఉప్పునీరు తగిలిన బ్యాటరీని మళ్లీ చార్జ్‌కి పెట్టకండి, ప్రమాదం. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఒరిగేది లేదు, నూక, తవుడు సందుల్లోకి వెళ్తాయి. హెయిర్ డ్రయ్యర్ వేడికి రబ్బరు చెడుతుంది. మూత తెరిచి గాలి తగిలేచోట ఉంచి, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా సర్వీసుకి ఇవ్వండి. ఉప్పునీరైతే బాగవుతుందన్న ఆశ తక్కువే, ముందే చెబుతున్నాను.

కార్డు సంగతి వేరు. దాన్ని మంచినీటిలో ఒకసారి ముంచి తీసి, ఒక రోజంతా నీడలో ఆరబెట్టి, తర్వాతే రీడర్‌లో పెట్టండి. నా మొదటి కెమెరా మళ్లీ వెలగలేదు గానీ, ఆ ఉదయం కళింగపట్నం ఒడ్డున తాళ్లు పట్టి వల లాగుతున్నవాళ్ల ఫోటోలు నలభై రెండూ కార్డులో చెక్కుచెదరకుండా ఉన్నాయి.